ఎల్ఓఆర్ కోసం ఏ సార్‌ని అడగాలి, ఎవరిని వదిలేయాలి

ఏటా డిసెంబర్ పదో తారీఖు దాటగానే, ఎల్ఓఆర్ కోసం, అంటే అమెరికా యూనివర్సిటీలకి స్టూడెంట్ గురించి మేం రాసే సిఫార్సు లేఖ కోసం, నాకు ఇలాంటి ఫోన్ ఒకటైనా వచ్చేది. "సార్, నేను మీ స్టూడెంట్‌ని, బి సెక్షన్, వెనక కిటికీ పక్కన కూర్చునేవాణ్ణి, గుర్తున్నానా సార్?" గుర్తుండేవాడు కాదు. గుర్తులేదని మొహం మీద చెప్పలేక "ఆఁ చెప్పు నాన్నా" అనేవాణ్ణి. పదిహేనో తారీఖు డెడ్‌లైన్, పదకొండు యూనివర్సిటీలు, "లింకులు మీ మెయిల్‌కి వచ్చేసుంటాయి సార్, ఒక్కసారి చూడండి" అనేవాడు. అంటే నన్ను అడగకముందే నా పేరూ, మెయిలూ యూనివర్సిటీల అప్లికేషన్ పోర్టల్‌లో ఎక్కించేశాడన్నమాట.

హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో తొమ్మిదేళ్లు ఈసీఈ పాఠాలు చెప్పాను. ఎమ్మెస్‌కి వెళ్లే పిల్లలకి ఎన్ని లెటర్లు రాశానో లెక్క పెట్టలేదు. వాటిలో బాగా రాసినవి కొన్నే, మిగతావి ఏదో రాయాలి కాబట్టి రాసినవి. ఆ తేడా నా ఇంగ్లిష్ వల్ల రాలేదు, ఆ పిల్లాడి గురించి నాకు తెలిసినదాన్ని బట్టే వచ్చింది. ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో స్టూడెంటే రాసుకునే వ్యాసం) కోసం నెల రోజులు జుట్టు పీక్కునే వాళ్లు, ఎల్ఓఆర్ ఎవరితో రాయించుకోవాలన్నది మాత్రం క్యాంటీన్‌లో టీ తాగే టైమ్‌లో తేల్చేస్తారు. ఒకటి హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్), ఒకటి ప్రాజెక్ట్ గైడ్, ఒకటి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు. ఆ పద్ధతి వద్దు.

అసలు ఆ లెటర్ ఎవరు చదువుతారో ముందు చూడండి. అక్కడ డిపార్ట్‌మెంట్‌లో అడ్మిషన్లు చూసే ప్రొఫెసర్లు చదువుతారు. మీ మార్కులు వాళ్ల ముందు ట్రాన్‌స్క్రిప్ట్‌లోనే ఉన్నాయి, మీరు చేసిన ప్రాజెక్టులు రెజ్యూమేలో ఉన్నాయి, మీ కలలన్నీ ఎస్ఓపీలో ఉన్నాయి. ఇవేవీ చెప్పని సంగతి ఒక్కటైనా లెటర్‌లో ఉండాలి: ఈ పిల్లాడితో పని చేస్తే ఎలా ఉంటుంది, అర్థం కానప్పుడు ఏం చేస్తాడు, ఇరుక్కుపోతే వదిలేస్తాడా పట్టుకుంటాడా. మార్కుల లిస్టునే మళ్లీ వాక్యాలుగా రాసిన లెటర్ చదివి వాళ్లకి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. పోర్టల్‌లో లెటర్‌తో పాటు ఒక ఫారం కూడా ఉంటుంది, అది చాలామంది స్టూడెంట్లకి తెలియదు. ఈ అభ్యర్థి మీకు ఎన్నాళ్లుగా తెలుసు, ఏ హోదాలో తెలుసు, మీరు చూసినవాళ్లలో పై 5 శాతంలో ఉంటాడా, 10 శాతంలోనా, 25 శాతంలోనా అని అంశాల వారీగా అడుగుతారు. మిమ్మల్ని సరిగ్గా ఎరగని మనిషి ఆ గడులన్నిట్లో ఒకే వరసలో టిక్కులు కొట్టేసి వదిలేస్తాడు. నేనూ కొట్టాను.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. కోర్సు చేసి డిగ్రీ తీసుకుని వెళ్లిపోయే మామూలు ఎమ్మెస్‌కి ఎల్ఓఆర్ మరీ తలరాత మార్చేంత పని చేయదు, మార్కులూ మిగతా ప్రొఫైలూ దానికంటే ఎక్కువ తూగుతాయి, కొన్ని ప్రోగ్రాములైతే అసలు లెటర్లే అడగవు. థీసిస్ ఉన్న ఎమ్మెస్, ఫండింగ్, పీహెచ్‌డీ అనుకునేవాళ్లకి మాత్రం ఇది చాలా గట్టి విషయం. మీరు ఏ గట్టున ఉన్నారో చూసుకుని అంత టెన్షన్ పడండి.

సరే, మనుషుల్ని ఎంచుకోవడం దగ్గరికొద్దాం. ఒక తెల్ల కాగితం తీసుకోండి. 1-1 (మొదటి ఏడాది మొదటి సెమిస్టర్) నుంచి 4-2 దాకా మీకు పాఠం చెప్పిన, ల్యాబ్ తీసుకున్న, సెమినార్ చూసిన, ఫెస్ట్‌లో పని చేయించిన ప్రతి లెక్చరర్ పేరూ రాయండి. ముప్పై పేర్లకి తక్కువ రావు. ప్రతి పేరు పక్కనా ఒకే ఒక్క సంఘటన రాయండి, అదీ ఆ సార్‌కో మేడమ్‌కో గుర్తుండేలాంటిది. ఇక్కడే అందరూ పొరబడతారు: "పాఠం సూపర్‌గా చెప్తారు", "చాలా మంచి సార్" అని రాసుకుంటారు. ఆయన మీకు గుర్తుండటం వేరు, మీరు ఆయనకి గుర్తుండటం వేరు. సెక్షన్‌కి అరవై డెబ్బై మంది, మూడు సెక్షన్లు, ఏడాదికి రెండు సెమిస్టర్లు వేసుకుంటే ఆయన చేతుల మీదుగా ఎంతమంది వెళ్లుంటారో మీరే లెక్కేయండి. "మిడ్స్ పేపర్‌లో నాకు తప్పు వేసిన ప్రాబ్లమ్‌ని బోర్డు మీద రెండో పద్ధతిలో చేసి చూపించాను, సార్ మార్కులు దిద్దారు" అని రాయగలిగితే ఆ పేరు ఉంచండి. పక్కన ఖాళీగా ఉన్న పేరు, ఎంత పెద్ద హోదా అయినా సరే, కొట్టేయండి.

చివరికి ఐదారు పేర్లు మిగులుతాయి. రెండే మిగిలాయంటే, మీరింకా 3-1లోనో 3-2లోనో ఉంటే, భయపడకండి, టైముంది. ఇప్పటి నుంచి ఒకరిద్దరి దగ్గర నిజంగా పని చేయండి, ల్యాబ్‌లో ఉండండి, మినీ ప్రాజెక్ట్ సొంతంగా చేయండి. 4-2 అయిపోయి సర్టిఫికెట్లు తీసుకుని బయటికొచ్చాక ఇది కుదరదు.

హెచ్ఓడీ సంగతేంటి?

హెచ్ఓడీ పేరు ఉంటే బరువుగా ఉంటుందని ఇంట్లో నాన్నగారు చెప్తారు, కన్సల్టెన్సీవాళ్లూ చెప్తారు. మన దగ్గర సంతకానికి, స్టాంపుకి విలువ ఎక్కువ కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ అక్కడ చదివేవాళ్లకి మన కాలేజీ హెచ్ఓడీ ఎవరో తెలియదు, ఆయన హోదా చూసి వాళ్లేం లేచి నిలబడరు. వాళ్లు చూసేది "ఈయనకి ఈ పిల్లాడు ఎలా తెలుసు" అన్న ఒక్క లైను. హెచ్ఓడీగారు మీకు కంట్రోల్ సిస్టమ్స్ చెప్పి, మీ టెక్నికల్ పేపర్ చదివి రెండు సార్లు వెనక్కి పంపి దిద్దించారంటే ఆయన్నే అడగండి, అంతకంటే మంచి మనిషి దొరకడు. అటెండెన్స్ తక్కువైనప్పుడు కండోనేషన్ ఫారం మీద సంతకం పెట్టడం తప్ప పరిచయం లేదంటే వద్దు. ప్రిన్సిపాల్‌కీ, కరస్పాండెంట్‌కీ, మీ మావయ్యకి తెలిసిన ఏదో యూనివర్సిటీ డీన్‌కీ ఇదే మాట.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎంటెక్ చేసి రెండేళ్ల క్రితం చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మీకు బాగా తెలుసు, మీతో పాటు రాత్రి ఎనిమిదింటి దాకా ల్యాబ్‌లో కూర్చున్నాడు. ఆయన లెటర్ బాగుంటుంది, నిస్సందేహంగా అడగండి. లెటర్ రాసే ముగ్గురూ అలాంటి జూనియర్లే అయితే మాత్రం "పై 5 శాతం" అన్న మాటకి బలం తగ్గుతుంది, ఎందుకంటే వాళ్లు చూసిన బ్యాచ్‌లే రెండు మూడు. ముగ్గురిలో ఒకరైనా పది పదిహేనేళ్లుగా పాఠాలు చెప్తున్నవాళ్లు, పీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఉంటే ఆ పోలికకి అర్థం ఉంటుంది. అదీ మిమ్మల్ని ఎరిగినవాళ్లయితేనే.

ఇక ప్రాజెక్ట్ గైడ్. చూడటానికి ఇంతకంటే తేలికైన ఎంపిక లేదు. కానీ ఒక ప్రశ్న మీకు మీరే వేసుకోండి, నాకు చెప్పక్కర్లేదు: ఆ మేజర్ ప్రాజెక్ట్ మీరు చేశారా, లేక అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొని, కోడ్ ఎలా రన్ చేయాలో ఒక పూట నేర్పించుకుని, బైండింగ్ చేయించి తెచ్చారా? మీ గైడ్‌కి తెలియదనుకుంటున్నారేమో. మొదటి రివ్యూలో రెండు ప్రశ్నలడిగితే మాకు తెలిసిపోతుంది. ఎందుకొచ్చిన గొడవని ఊరుకుంటామంతే. అలాంటి ప్రాజెక్ట్ మీద ఎల్ఓఆర్ అడిగితే మేం రాసేదీ అలాగే ఉంటుంది: టైటిల్, అబ్‌స్ట్రాక్ట్‌లోంచి మూడు లైన్లు, "చాలా బాగా చేశాడు". అంతకంటే 2-2లో మీరు సొంతంగా కిందా మీదా పడి చేసిన చిన్న ల్యాబ్ ప్రయోగాన్ని చూసిన మేడమే నయం.

నిజంగా చేసినా ఇంకో చిక్కుంది. బ్యాచ్‌కి నలుగురు, నలుగురూ ఎమ్మెస్‌కే, నలుగురికీ ఒకే గైడ్, అప్లై చేసేవి కూడా ఇంచుమించు అవే యూనివర్సిటీలు. నాలుగు లెటర్లలోనూ "టీమ్‌ని ముందుండి నడిపించాడు" అని ఉంటుంది. ఒక టీమ్‌లో నలుగురు లీడర్లు! మీరు నలుగురూ ముందే కూర్చుని ఎవరు ఏ భాగం చేశారో, హార్డ్‌వేర్ ఎవరిది, కోడ్ ఎవరిది, రిజల్ట్స్ తప్పొస్తే పట్టుకున్నది ఎవరు అని రాసి గైడ్‌కి ఒకే కాగితం ఇవ్వండి. నాకు ఒక బ్యాచ్ అలా ఇచ్చింది. నాలుగు లెటర్లూ నాలుగు రకాలుగా వచ్చాయి, నా పని కూడా సగమైంది.

మార్కులు తక్కువొచ్చిన సబ్జెక్ట్ సార్‌ని అడగొచ్చా అని చాలామంది మొహమాటపడతారు. అడగొచ్చు, ఒక్కోసారి ఆయన్నే అడగాలి. ఒక అమ్మాయికి 2-1లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పోయింది. సప్లీ రాయడానికి ముందు నెల రోజులు, లంచ్ తర్వాత స్టాఫ్ రూమ్‌కి వచ్చి నా టేబుల్ పక్కన నిలబడేది, రోజుకి ఒకే డౌట్, అదీ ముందు రోజు తను ఎంతవరకు చేయగలిగిందో చూపించి. సప్లీలో గట్టెక్కింది. 3-2లో డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) కూడా నేనే చెప్పాను, అందులో క్లాసులో మొదటి ముగ్గురిలో ఉంది. ఆ అమ్మాయి నన్ను ఎల్ఓఆర్ అడగడానికి సిగ్గుపడి, తొంభై పైన మార్కులిచ్చిన ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ మేడమ్‌ని అడిగిందట! విషయం తెలిసి నేనే పిలిచి రాశాను. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆ ఎఫ్ గ్రేడ్ ఎలాగూ కనబడుతుంది. దాని వెనక ఏం జరిగిందో చెప్పగలిగిన మనిషిని నేనొక్కణ్ణే కదా.

ముగ్గురూ ఒకే పాట పాడకూడదు

మామూలుగా అమెరికా యూనివర్సిటీలు మూడు లెటర్లు అడుగుతాయి, కొన్ని రెండుతో సరిపెడతాయి. ఎవరు రాయాలి, ప్రొఫెసర్లే రాయాలా ఆఫీసువాళ్లు కూడా రాయొచ్చా అన్నది ఆ ప్రోగ్రామ్ పేజీలోనే రాసుంటుంది, అది చదవకుండా నా మాట గానీ మీ సీనియర్ మాట గానీ వినొద్దు. ఫ్రెషర్ అయితే ముగ్గురూ కాలేజీవాళ్లే, కానీ ఒకరు క్లాసులో చూసినవాళ్లు, ఒకరు ప్రాజెక్ట్‌లోనో ల్యాబ్‌లోనో చూసినవాళ్లు, మూడోవాళ్లు ఇంకో కోణంలో, ఇంటర్న్‌షిప్ చేసిన చోటైనా సరే, చూసినవాళ్లు. రెండేళ్లు ఉద్యోగం చేస్తే ఒక లెటర్ ఆఫీసు నుంచి, రెండు కాలేజీ నుంచి. నాలుగైదేళ్లు దాటితే తిరగేయొచ్చు, అయినా ఒక ప్రొఫెసర్ ఉండటం మంచిది, ఎందుకంటే మీరు వెళ్లేది చదువుకోవడానికి.

ఆఫీసులో కూడా అదే జబ్బు, వైస్ ప్రెసిడెంట్ పేరు కావాలంటారు. ఆయన మిమ్మల్ని టౌన్‌హాల్ మీటింగ్‌లో తప్ప చూసుండడు. రోజూ మీ కోడ్ రివ్యూ చేసే టీమ్ లీడ్‌ని అడగండి. కొన్ని కంపెనీల్లో లెటర్‌హెడ్ మీద రాయకూడదనో, ఆఫీసు మెయిల్ వాడకూడదనో రూల్ ఉంటుంది, ఉద్యోగం మానేస్తున్నారని తెలిస్తే మేనేజర్ మొహం మాడ్చడం కూడా ఉంటుంది. ఈ రెండూ ముందే కనుక్కోండి. ఇప్పటి మేనేజర్‌కి చెప్పలేని పరిస్థితి అయితే, పాత టీమ్ లీడ్, వేరే కంపెనీకి మారిపోయినా సరే, పనికొస్తాడు. అప్పుడు తను ఏ హోదాలో మీతో పని చేశాడో లెటర్‌లో స్పష్టంగా రాస్తే చాలు.

ఎంచుకునేటప్పుడే చూసుకోవాల్సిన చిల్లర సంగతులు కొన్నున్నాయి, చిల్లరే గానీ కొంప ముంచుతాయి. ఆ సార్‌కి కాలేజీ డొమైన్‌తో మెయిల్ ఉందా? జీమెయిల్ ఇస్తే కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, కొన్ని నిజమా కాదా అని తిరిగి అడుగుతాయి. ఉన్నా ఆయన దాన్ని తెరుస్తారా? మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు, బంగారంలాంటి మనిషి, ఆయన ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్ ల్యాబ్ అసిస్టెంట్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఇంకోటి, ప్రైవేట్ కాలేజీల్లో లెక్చరర్లు తరచూ కాలేజీ మారతారు. మీరు జూన్‌లో అడిగినప్పుడు ఉన్న సార్ నవంబర్‌కి వేరే కాలేజీలో ఉండొచ్చు, పాత మెయిల్ మూసేస్తారు, మీ లింకులన్నీ గాల్లోకి పోతాయి. అందుకే నాలుగో మనిషిని ఒకరిని సిద్ధంగా ఉంచుకోండి, ఊరికే పేరు రాసుకోవడం కాదు, ఆయన్ని అడిగి ఒప్పించి ఉంచుకోండి.

అడిగేటప్పుడు

వాట్సాప్‌లో అడగొద్దు. ఊళ్లో ఉంటే కాలేజీకి వెళ్లండి. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య చాక్‌పీస్ చేత్తో పరిగెత్తే మనిషిని వరండాలో ఆపకండి. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు కూర్చుని చెప్పండి. ఊరికే "సార్, ఎల్ఓఆర్ ఇస్తారా" అనొద్దు, ఇస్తామనే అంటాం, కాదనడం మాకు రాదు. "సార్, నా పని గురించి గట్టిగా రాయగలనని మీకనిపిస్తేనే రాయండి, లేకపోతే ఏమనుకోను" అనండి. తప్పుకోవడానికి దారి ఇచ్చారంటే మా నోట్లోంచి నిజం వస్తుంది.

ఆ నిజం కూడా మన భాషలో సూటిగా రాదు, అర్థం చేసుకోవాలి. "చూద్దాంలే" అంటే వద్దని. "హెచ్ఓడీ సార్‌ని అడిగావా?" అన్నా వద్దనే. "ఫార్మాట్ ఏదైనా ఉంటే తీసుకురా, సంతకం పెడతా" అంటే మీ గురించి రాయడానికి ఆయన దగ్గర ఏమీ లేదని. "ఏ యూనివర్సిటీలు? ఏ స్పెషలైజేషన్? అదెందుకు, ఇది చేయొచ్చుగా?" అని తిరిగి ప్రశ్నలేస్తే, కూర్చోండి, మీ మనిషి దొరికాడు.

ఫార్మాట్ మాటెత్తాను కాబట్టి దాని సంగతి తేల్చేద్దాం. "నువ్వే రాసుకురా" అనడం మన కాలేజీల్లో ఎంత మామూలో మీకూ తెలుసు, మాకూ తెలుసు. మొదటి మూడేళ్లు నేనూ అలాగే అన్నాను, తప్పే. యూనివర్సిటీ అడిగేది ఆ సార్ రాసిన లెటర్. మీరు రాస్తే ఏమవుతుందంటే, మూడు లెటర్లూ ఒకే గొంతుతో ఉంటాయి, అదే ఎస్ఓపీలోనూ వినబడుతుంది. కన్సల్టెన్సీవాళ్లు ఇచ్చిన నమూనా అయితే ఇంకా ఘోరం, "ఇట్ గివ్స్ మీ ఇమ్మెన్స్ ప్లెజర్" అని మొదలయ్యే ఆ లెటర్ ఒక్క మా కాలేజీ నుంచే ఎన్ని వెళ్లాయో చెప్పలేను, పేరు మార్చడం మర్చిపోయి అబ్బాయి లెటర్‌లో "ఆమె" అని వెళ్లిన సందర్భం కూడా నా కళ్లతో చూశాను. పీడీఎఫ్ ప్రాపర్టీస్ తెరిస్తే రచయిత పేరు దగ్గర స్టూడెంట్ పేరే కనిపించొచ్చు. సార్ పేరుతో మీరే ఒక మెయిల్ తెరిచి మీరే అప్‌లోడ్ చేయడం మోసం కిందికి వస్తుంది. సీటు వచ్చాక బయటపడినా అడ్మిషన్ పోతుంది.

మరి సార్ రాసుకురమ్మంటే? "సార్, లెటర్ మీ మాటల్లో ఉంటేనే బాగుంటుంది, మీకు గుర్తు రావడానికి పాయింట్లు తెస్తాను" అనండి. ఒకటి రెండు పేజీలు చాలు. ఏ సెమిస్టర్, ఏ సబ్జెక్ట్, ఎన్ని మార్కులు, వాళ్ల దగ్గర ఏం పని చేశారు, అందులో ఎక్కడ ఇరుక్కున్నారు, ఎలా బయటపడ్డారు, ఏ కోర్సుకి ఎందుకు వెళ్తున్నారు. విశేషణాలు వద్దు, "హార్డ్‌వర్కింగ్, సిన్సియర్" లాంటివన్నీ తీసేయండి, అవి మేం వేసుకుంటాం. జరిగినవి మాత్రం రాయండి, తెలుగులో రాసినా పర్లేదు. పాత రికార్డు బుక్కో, ప్రాజెక్ట్ రిపోర్టో పక్కన పెడితే ఇంకా మంచిది, నా ఎర్ర సిరా రాతలు చూస్తే మనిషి గుర్తొచ్చేస్తాడు నాకు. ఆయనకి ఇంగ్లిష్ రాయడం ఇబ్బంది అయితే అది పెద్ద సమస్య కాదు. తప్పుల్లేని నాలుగు చిన్న పేరాల్లో ఒక నిజమైన సంఘటన ఉంటే, డిక్షనరీ మింగిన రెండు పేజీల కంటే అది మేలు. ఎంత చెప్పినా నువ్వే రాసుకో అంటే మాత్రం లిస్టులో రెండో పేరు దగ్గరికి వెళ్లండి.

టైము విషయానికొస్తే, ఫాల్‌కి (వచ్చే ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలయ్యే సెమిస్టర్‌కి) వెళ్లేవాళ్లు జులై, ఆగస్టుల్లో అడిగేయండి. డెడ్‌లైన్లు చాలావరకు డిసెంబర్, జనవరిల్లో పడతాయి, మాకేమో ఆ రోజుల్లోనే సెమిస్టర్ పరీక్షలు, ఇన్విజిలేషన్, పేపర్లు దిద్దడం, దానికి తోడు అప్పుడే కాలేజీకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ టీమ్ వస్తుందంటే ఇక రాత్రుళ్లు కూడా ఫైళ్లే. లెటర్‌హెడ్ కావాలంటే కొన్ని కాలేజీల్లో ఆఫీసులో అప్లికేషన్ పెట్టి తిరగాలి, దానికో వారం. యూనివర్సిటీల లిస్టు డెడ్‌లైన్ల వరసలో ఒకే టేబుల్‌గా ఇవ్వండి. ఎనిమిది యూనివర్సిటీలంటే ఒక్కో సార్‌కి ఎనిమిది లింకులు, ఎనిమిది ఫారాలు, ప్రతిదాంట్లోనూ అవే ప్రశ్నలు. పదిహేను చేయమంటే చేయను అనే హక్కు ఆయనకుంది. కొన్ని పోర్టల్స్ పేరు సేవ్ చేయగానే లింకు పంపుతాయి, కొన్ని మీరు అప్లికేషన్ సబ్మిట్ చేశాకే పంపుతాయి, ఇది ముందే చూసుకోండి, లేకపోతే ఆయన "రాలేదు" అంటారు, మీరు "పంపాను" అంటారు. లింకు స్పామ్‌లో పడటం నిత్యకృత్యం.

పోర్టల్‌లో ఇంకో ప్రశ్న వస్తుంది, ఈ లెటర్ చూసే హక్కు వదులుకుంటారా అని. ఫెర్పా అని 1974 నాటి అమెరికా చట్టం ఒకటి, యూనివర్సిటీలో చేరిన విద్యార్థికి తన రికార్డులు చూసుకునే హక్కు ఇస్తుంది, ఆ రికార్డుల్లో ఈ లెటర్ కూడా ఉండొచ్చు. వదులుకుంటాననే పెట్టండి. మీరు చూడరని తెలిస్తేనే రాసినవాళ్లు మనసులో మాట రాశారని చదివేవాళ్లు నమ్ముతారు.

ఇంటర్ అయ్యాక డిగ్రీకే అమెరికా వెళ్లేవాళ్లు ఇప్పుడు పెరిగారు, వాళ్లకి కష్టం ఇంకా ఎక్కువ. చాలా కాలేజీలకి ఒకే చోట అప్లై చేసే కామన్ యాప్‌లో సబ్జెక్ట్ టీచర్లతో పాటు స్కూల్ కౌన్సెలర్ లెటర్ కూడా అడుగుతారు. మన జూనియర్ కాలేజీల్లో కౌన్సెలర్ ఎవరుంటారు, ప్రిన్సిపాలో వైస్ ప్రిన్సిపాలో ఆ పాత్ర వేయాలి. ఎంఐటీ అయితే ఒకటి మ్యాథ్స్ లేదా సైన్స్ టీచర్ నుంచి, ఇంకోటి హ్యుమానిటీస్, సోషల్ సైన్స్ లేదా భాష చెప్పే టీచర్ నుంచి కావాలంటుంది. ఎంపీసీ పిల్లాడికి ఆ రెండో మనిషి ఎవరు? ఇంగ్లిష్ లెక్చరరో, సంస్కృతం మాస్టారో! మార్కుల కోసం తీసుకుని, క్లాసులో వెనక బెంచీలో ఫిజిక్స్ లెక్కలు చేసుకున్న సంస్కృతం. ఆ ఆలోచన ఉన్నవాళ్లు ఫస్టియర్ నుంచే ఇంగ్లిష్ క్లాసులో నోరు తెరవండి.

ఒప్పుకున్నాక డెడ్‌లైన్‌కి పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి గుర్తు చేయండి, రోజూ గుడ్ మార్నింగ్ మెసేజ్ పెట్టొద్దు. స్వీట్ బాక్స్ ముందు తేవొద్దు, అడ్మిట్ వచ్చాక తెస్తే సంతోషంగా తింటాం. రిజెక్ట్ వచ్చినా చెప్పండి, రాసినవాళ్లకి తెలుసుకోవాలని ఉంటుంది. గడువు దాటిపోయి లెటర్ ఇంకా పడకపోతే కంగారుపడి నాలుగో సార్ పేరుకి మార్చేసే ముందు ఆ డిపార్ట్‌మెంట్‌కి ఒక మెయిల్ పెట్టి అడగండి, మీ అప్లికేషన్ టైముకి సబ్మిట్ అయితే లెటర్లకి కొన్ని రోజులు ఆగే చోట్లు చాలా ఉన్నాయి.

ఇంతకీ ఆ బి సెక్షన్ కిటికీ అబ్బాయికి నేను రాయలేదు. నా దగ్గర రాయడానికేమీ లేదని చెప్పి, వాళ్ల బ్యాచ్‌కి ఎలక్ట్రానిక్ సర్క్యూట్స్ ల్యాబ్ తీసుకున్న మేడమ్ దగ్గరికి పంపాను. ఆవిడకి అతను బాగా గుర్తున్నాడు, బ్రెడ్‌బోర్డ్ మీద కెపాసిటర్ తిరగేసి పెట్టి పేల్చినవాడిగా. ఆ రోజు నుంచి సెమిస్టర్ అయ్యేదాకా, పవర్ ఆన్ చేసే ముందు పక్క టేబుళ్లవాళ్ల సర్క్యూట్లు కూడా తనే వెళ్లి చూసేవాడట. లెటర్ ఆ కెపాసిటర్ దగ్గరే మొదలుపెట్టారావిడ.